మూసలో ఊక, ఉక్కులో గొట్టాలు

పోయిన నెల మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది, ఇలాంటివి ఎవరినీ వదలవు కదా. మన పూర్వీకులకి నానో టెక్నాలజీ వేల ఏళ్ళ క్రితమే తెలుసట, మన ఉక్కు కత్తుల్లో కార్బన్ నానోట్యూబులు దొరికాయట, తెల్లవాళ్ళు దాన్ని కాపీ కొట్టి మనకే తిరిగి అమ్ముతున్నారట. కింద చేతులు జోడించిన బొమ్మలు ఓ పది. ఒకాయన "ప్రౌడ్" అన్నాడు. ఇంకొకాయన "ఇదంతా చెత్త, స్కూల్లో సైన్సు చదువుకోండి" అన్నాడు. ఇక చూస్కోండి, మధ్యాహ్నం స్టాండప్ దాకా అదే గోల.

నేనేమీ అనలేదు. అనకపోవడానికి కారణం మంచితనం కాదు, నాకు రెండు వైపులా సగం సగమే తెలుసు. కాలేజీలో మెకానికల్ చదివాను, మెటలర్జీ ఒక పేపరు ఉండేది, పరీక్ష ముందు రోజు రాత్రి ఐరన్-కార్బన్ డయాగ్రామ్ బట్టీ పట్టి గట్టెక్కాను. తర్వాత అందరిలాగే జావాలోకి దూకేశాను. కానీ మా ఇంట్లో లోహం తెలిసిన మనిషి ఒకరున్నారు. మా నాన్న పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫౌండ్రీలో ఇరవై ఆరేళ్ళు పోత పని చేశారు. సంగారెడ్డి నుంచి గచ్చిబౌలి వెళ్తూ రోజూ ఆ షెడ్ల ముందునుంచే నా బస్సు పోతుంది. ఆ రాత్రి అన్నం తింటూ ఈ ఫార్వర్డ్ గురించి చెప్తే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఉక్కు సంగతి సరే, మూస దేంతోని చేసిన్రట?" అని అడిగారు.

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఈ టపా ఆ ప్రశ్న పట్టుకుని నేను తిరిగిన తిరుగుడు.

ముందు కత్తి సంగతి. ఫార్వర్డ్ పూర్తిగా గాలి కబురు కాదు. 2006 నవంబర్లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. జర్మనీలో డ్రెస్డెన్ విశ్వవిద్యాలయంలో పీటర్ పౌఫ్లర్, ఆయన బృందం 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కొకటి తీసుకున్నారు. అసదుల్లా అనే పేరుమోసిన పారశీక కమ్మరి చేసినదది, బెర్న్ మ్యూజియంలో ఉంది. ఆ ముక్కని హైడ్రోక్లోరిక్ ఆసిడ్లో కరిగించి, మిగిలినదాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే కార్బన్ గొట్టాలు కనిపించాయి, వాటిలో కొన్నిటి లోపల సిమెంటైట్ తీగలు ఉన్నాయి అని రాశారు. సిమెంటైట్ అంటే ఇనుము, కార్బన్ కలిసి ఏర్పడే గట్టి పదార్థం. ఉక్కుకి పదును ఇచ్చేదీ అదే, ఎక్కువైతే పెళుసు చేసేదీ అదే.

అందరూ ఒప్పుకున్నారా అంటే లేదు. అమెరికాలో అయోవా స్టేట్‌కి చెందిన జాన్ వెర్హోవెన్ డమాస్కస్ ఉక్కు మీద చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి. సిమెంటైట్ మామూలుగానే కడ్డీల్లా ఏర్పడుతుంది, దాని చుట్టూ ఉన్నది గొట్టమే అని ఎలా చెప్తారు అని ఆయన అనుమానం. నాకు ఆ అనుమానం సబబుగానే అనిపించింది. ఒకే కత్తి, అందులో చిన్న ముక్క. మనవాళ్ళు ఒక్క టెస్ట్ కేసు పాస్ అయితే ప్రొడక్షన్‌కి పంపిస్తారా? (పంపిస్తారనుకోండి, అది వేరే టపా.)

ఇంకో మాట. గొట్టాలు ఉన్నాయనే అనుకుందాం. ఉన్నంత మాత్రాన తెలిసి చేసినట్టు కాదు. అసలు నానోట్యూబుల చరిత్రే ఇలాంటిది. 1952లో రష్యన్లు రదుష్కెవిచ్, లుక్యానొవిచ్ బోలు కార్బన్ తీగల ఫోటోలు అచ్చేశారు, రష్యన్ భాషలో కాబట్టి బయట ఎవరూ చదవలేదు. 1976లో ఎండో, ఒబెర్లిన్ మళ్ళీ చూశారు. 1991లో జపాన్‌లో ఇజిమా రాస్తే అప్పుడు లోకం నిద్ర లేచింది. చూడటం, గుర్తు పట్టడం, కావాలని చేయడం, ఇవి మూడూ మూడు వేర్వేరు పనులు.

సరే, ఉక్కు ఎక్కడిది? ఇక్కడ మన వాకిట్లోకి వస్తాం. డమాస్కస్ అని పేరే గానీ ఆ కత్తులకి ముడి ఉక్కు దిమ్మలు ఎక్కువగా దక్షిణ భారతం, సింహళం నుంచి పోయేవి. 1794లో బొంబాయిలో డాక్టరు హెలెనస్ స్కాట్ లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కి నమూనాలు పంపాడు. మరుసటి ఏడాది జార్జ్ పియర్సన్ దాని మీద రాయల్ సొసైటీలో పత్రం చదివాడు, అందులో ఆ ఉక్కు పేరు "వూట్జ్". మన ఉక్కే అది, నోరు తిరగక అలా అయిందని ఎక్కువమంది పండితుల మాట. మైకేల్ ఫారడే, అవును కరెంటు ఫారడేనే, ఆయన తండ్రి కూడా కమ్మరే, స్టోడార్ట్‌తో కలిసి 1819 నుంచి మూడు నాలుగేళ్ళు ఈ ఉక్కు వెంట పడ్డాడు. రహస్యం అల్యూమినియంలో ఉందనుకున్నాడు. తప్పు. కానీ ఆ తప్పు దారిలో ఉక్కులో వెండి, ప్లాటినం కలిపి చూడటంతోనే మిశ్రమ ఉక్కుల పరిశోధన మొదలైంది. బగ్ వెతుకుతూ పోయి కొత్త ఫీచర్ కనిపెట్టినట్టు :)

పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె డమాస్కస్ చారలు వచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. అసదుల్లా కత్తిదీ అదే శతాబ్దం. అందుకని ఆ కత్తి గోల్కొండ ఉక్కేనని నేను చెప్పను, చెప్పడానికి మధ్యలో ఒక లింకు తక్కువ. అదే కాలంలో ఇంకో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో గోల్కొండకి వస్తూ ఇందల్వాయిలో ఆగాడు. అక్కడ కత్తులు, బాకులు, బల్లేలు బాగా తయారవుతాయని, దేశమంతా అమ్ముడుపోతాయని, ఇనుము ఊరి దగ్గరి కొండల్లోంచే తవ్వుతారని రాసుకున్నాడు. నిజామాబాద్ వెళ్ళేవాళ్ళకి ఇందల్వాయి అంటే ఇవాళ టోల్‌గేటు.

అసలు కొలిమి ఇంకా పైన, కోనసముద్రం అనే ఊళ్ళో. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలం. మండలం పేరే చెప్తోంది కదా. 1820ల్లో హెన్రీ వాయిసీ అనే డాక్టరు, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు, సర్వే వాళ్ళతో తిరుగుతూ ఈ ఊరు వచ్చి ఉక్కు చేయడం దగ్గరుండి చూశాడు. 1824లో పోయాడు, ఆయన రాసింది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ జర్నల్లో వచ్చింది. ఆయన వచ్చేసరికి అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పారశీక వర్తకుడు మకాం వేసి ఉన్నాడు. ఇస్ఫహాన్ ఎక్కడ, కమ్మర్‌పల్లి ఎక్కడ! సముద్రం దాటి, ఎడ్లబండ్ల దారిలో ఇంత దూరం వచ్చి కూర్చుని, తన కళ్ళ ముందు ఉక్కు తూకం వేయించుకుంటున్నాడంటే ఆ సరుక్కి ఎంత విలువుండాలి.

ఫార్వర్డుల్లో ఇంకో పొరపాటు కూడా ఉంది. మూసలో ఇనుముతో పాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు వేసేవారని, ఆ ఆకుల్లోని కార్బనే నానోట్యూబులైందని రాస్తారు. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కాబట్టి ఆ కథ ఇంకా బాగా అమ్ముడవుతుంది. కట్టె, ఆకులు వేయడం నిజమే, కానీ అది మైసూరు, సేలం వైపు పద్ధతి. మెత్తటి ఇనుముకి ఆకుల నుంచి కార్బన్ ఎక్కించడం అది. కోనసముద్రం పద్ధతి వేరు. రెండు రకాల ఇనుము, ఒకటి కార్బన్ ఎక్కువున్నది, ఒకటి తక్కువున్నది, లెక్క ప్రకారం కలిపి మూసలో కరిగించేవారు. ఒక ఇనుము మిట్‌పల్లి నుంచి వచ్చేదని వాయిసీ రాశాడు, అంటే మన మెట్‌పల్లి. ఒక రోజంతా తిత్తులు ఊది, తర్వాత తొందరపడకుండా చల్లారనిచ్చేవారు. వచ్చే దిమ్మలో కార్బన్ నూటికి ఒకటిన్నర వంతు అటూ ఇటూ. ఈ రోజుల్లో బిల్డింగులకి వాడే కడ్డీల్లో పావు వంతు కూడా ఉండదు.

ఇక నాన్న ప్రశ్న. మూస దేనితో చేశారు?

మట్టి, దాన్లో వరి ఊక. దండిగా ఊక. 1980ల చివర్లో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు దక్కన్ మూస ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఊక కాలి బూడిదై పోలేదు. గాలి అందక మాడి బొగ్గయింది. ఊకలో ఉన్న సిలికా మాత్రం ఊక ఆకారంలోనే గట్టిపడి, మట్టిలోంచి పుట్టిన ముల్లైట్ సూదులతో కలిసి మూసకి ఎముకల గూడులా నిలబడింది. ఇనుము కరిగే వేడిలో మామూలు మట్టి కుండ మెత్తబడి కూలిపోతుంది. ఇది కూలలేదు. ఊక వల్ల ఏర్పడ్డ సన్నటి ఖాళీలు పగుళ్ళని పాకనివ్వలేదు. బొగ్గు లోపలి ఇనుముకి గాలి తగలకుండా కాపాడింది. ఆ ఊళ్ళో వడ్ల ఊకకి కరువు లేదు, ధర లేదు.

చదువుతుంటే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. కంది మీదుగా పోయేటప్పుడు ఐఐటీ కనిపిస్తుంది కదా. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో అద్దె కాపురంగా మొదలై, 2015లో కందికి మారింది. (ఆ ఫ్యాక్టరీ 1984 నాటిది, మిలిటరీ బళ్ళు చేస్తుంది. కత్తుల నుంచి కవచాల బళ్ళ దాకా ఈ జిల్లాలకి ఉక్కు వదల్లేదు.) అక్కడ మెటీరియల్స్ చదివే జూనియర్ ఒకడు ఒకసారి బస్సులో పక్కన కూర్చుని "పాలిమర్ డిరైవ్డ్ సిరామిక్స్" అని చెప్పుకొచ్చాడు. అప్పుడు తలూపి ఊరుకున్నాను. ఇప్పుడు ఫోన్ చేసి మళ్ళీ చెప్పించుకున్నాను.

మామూలు సిరామిక్ అంటే మట్టో పొడో అచ్చు పోసి కాల్చడం. ఇది అలా కాదు. సిలికాన్ ఉన్న ప్లాస్టిక్ లాంటి రెసిన్, బాత్రూమ్ టైల్స్ సందుల్లో పూసే సిలికోన్‌కి దూరపు చుట్టం, దాన్ని కావలసిన ఆకారంలో పోసి, గాలి తగలకుండా ఎనిమిది వందల నుంచి పద్నాలుగు వందల డిగ్రీల దాకా వేడి చేస్తారు. ప్లాస్టిక్‌లోని హైడ్రోజన్, మీథేన్ లాంటి వాయువులు బయటికి పోతాయి. అవి పోయిన దారులే రంధ్రాలు. మిగిలేది సిలికాన్, ఆక్సిజన్, కార్బన్ అల్లుకుపోయిన రాయి. జపాన్‌లో యజిమా 1975లో ఇలాగే పాలిమర్ దారాన్ని సిలికాన్ కార్బైడ్ దారంగా మార్చాడు. ఆ మీథేన్ ఊరికే ఎందుకు పోవాలి అని జర్మన్లకి అనిపించింది. రెసిన్‌లో కొంచెం నికెల్ కలిపితే, వేడిలో ఆ నికెల్ సన్నటి గింజలై, బయటికి పోయే వాయువులోని కార్బన్‌ని మింగి, మింగలేనంత అయ్యాక గొట్టంలా బయటికి కక్కుతుంది. రంధ్రం గోడల మీద నానోట్యూబులు నాచులా మొలుస్తాయి. 2004లో ఈ పని అచ్చయింది. నికెల్ బదులు ఇనుము, కోబాల్ట్ కూడా ఇదే పని చేస్తాయి.

ఇప్పుడు ఊకని చూడండి. సెల్యులోజ్, లిగ్నిన్, అంటే ప్రకృతి చేసిన పాలిమర్. దాని అల్లికలో సిలికా. గాలి తగలకుండా వేడి చేస్తే వాయువులు పోయి, రంధ్రాలు మిగిలి, కార్బన్, సిలికా పక్కపక్కన. అదే 1975లో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో లీ, కట్లర్ అనేవాళ్ళు వరి ఊకని కాల్చి సిలికాన్ కార్బైడ్ చేశారు! యజిమాదీ, వీళ్ళదీ ఒకే సంవత్సరం. కోనసముద్రం మూస గోడలో సిలికా, కార్బన్, రంధ్రాలు, పక్కనే కరిగిన ఇనుము, అన్నీ ఒక్క చోట ఉన్నాయి. మూసలో నానోట్యూబులున్నాయని నేను అనడం లేదు, దయచేసి దీన్ని కూడా ఫార్వర్డ్ చేయకండి. నేననేది, ఆ కమ్మర్ల తెలివి గర్వపడాల్సినంత ఉంటే అది కత్తిలో కంటే ఈ కుండలో ఎక్కువ కనిపిస్తుంది. కత్తిలో గొట్టాలు యాదృచ్ఛికం కావచ్చు. మూసలో ఊక యాదృచ్ఛికం కాదు. ఎంత ఊక, ఎంత మట్టి అన్నది ఎవరో చేసి, పగిలి, మళ్ళీ చేసి తేల్చుకున్న లెక్క.

మరి పోయిందెందుకు? ఫార్వర్డ్ ప్రకారం ఇంగ్లీషువాళ్ళు చేతులు నరికారు. సీమ ఇనుము చవగ్గా దిగింది, 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు టన్నుల్లో తయారైంది, మూసకి ఒక దిమ్మ చేసేవాడు దాని ముందు నిలబడలేడు. కత్తులు పోయి తుపాకులొచ్చాక కొనేవాడూ తగ్గాడు. వీటికి తోడు వెర్హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి చెప్పిన ఒక కారణం మన ఫీల్డు వాళ్ళకి చప్పున అర్థమవుతుంది. కత్తి మీద ఆ చారలు రావాలంటే ఖనిజంలో వెనేడియం లాంటివి వందో వంతులో వందో వంతు స్థాయిలోనైనా ఉండాలి. అది ఉన్నట్టు ఎవరికీ తెలియదు. గని అయిపోయి వేరే గని ఖనిజం వాడితే, అదే మూస, అదే మంట, అదే మనిషి, చారలు మాత్రం రావు. "నా మెషీన్లో పనిచేసింది" అంటాం చూడండి, అదన్నమాట. డిపెండెన్సీ ఎక్కడా రాసి లేదు. కొడుక్కి నేర్పితే కొడుకు చేసిన కత్తి రాలేదు, రెండు తరాల్లో నేర్పేవాడే లేడు. ఇది వాళ్ళ ప్రతిపాదన మాత్రమే, కానీ నాకు నచ్చింది. నా మొదటి ప్రాజెక్టులో ఒక సీనియర్ మానేసి వెళ్ళాక ఆయన రాసిన స్క్రిప్టు సర్వర్ మార్చగానే ఆగిపోయింది, మూడు వారాలు తల బాదుకున్నాం.

వ్యాసాల్లో వెనేడియం పేరుంది, అసదుల్లా పేరుంది, వాయిసీ పేరుంది. దిమ్మలు పోసిన కోనసముద్రం కమ్మర్ల పేరు ఒక్కటి నా కంట పడలేదు. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరు నియాస్ వాళ్ళు, ఈ ఇనుము చరిత్ర మీద ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగిన జైకిషన్ గారితో కలిసి ఉత్తర తెలంగాణలో సర్వే చేస్తే రెండు వందలకి పైగా చోట్ల చిట్టెం గుట్టలు, మూస ముక్కలు లెక్కకొచ్చాయి. అన్ని ఊళ్ళు, అన్ని కొలుములు.

రెండు వారాల క్రితం ఆదివారం నాన్నని తీసుకుని పోయాను. నర్సాపూర్ మీదుగా తూప్రాన్, అక్కణ్ణుంచి హైవే, ఆర్మూర్ దగ్గర కుడికి తిరిగి కమ్మర్‌పల్లి. పొలం గట్టు మీద చిట్టెం నల్లగా, బరువుగా, నేల మీద రాళ్ళతో కలిసిపోయి ఉంది. దారిలో పోతున్న పెద్దమనిషిని అడిగితే, "గివా? మా చిన్నప్పుడు గుట్టలు గుట్టలుండె. బాటలకు పోసిన్రు, గోడలల్ల వెట్టిన్రు" అని, మేము వాటి కోసమే వచ్చామంటే నవ్వుకుంటూ పోయాడు.

నాన్న గట్టు మీద కూర్చుని ఒక మూస పెంకు తీసుకుని తిప్పి తిప్పి చూశారు. బయట గాజులా మెరుస్తోంది. విరిగిన అంచు నల్లగా ఉంది, దాన్లో గోరు గిచ్చినట్టు సన్నటి గీతలు, ఊక ఉన్న చోట్లు. గోటితో తట్టి చప్పుడు విన్నారు. ఫౌండ్రీలో కొత్త క్రూసిబుల్ వచ్చినప్పుడు కూడా అలాగే తట్టేవారట. "మా దగ్గర గ్రాఫైటు మూసలు డబ్బాలల్ల వస్తుండె. ఎన్ని హీట్లకు పగుల్తదో మేము చూసి చెప్తుంటిమి, సూపర్‌వైజర్ రాసుకుంటుండె," అన్నారు. ఆ రాసుకున్నది ఎక్కడుందని అడిగాను. కంపెనీ మూతపడ్డప్పుడు ఆ రిజిస్టర్లు పాతసామాన్లకి పోయాయట. పెంకు తీసుకున్న చోటే పెట్టేసి లేచారు.

తిరుగు దారిలో నా డబ్బాలో ఇంకో ఆలోచన. పటాన్‌చెరు అంటే బయటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఉక్కు కాదు, నక్కవాగు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి వదిలిన నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని అచ్చేశారు. మురుగులోని బాక్టీరియా దగ్గర కరెంటు పుట్టించే ఎలక్ట్రోడ్లుగా ఈ రంధ్రాల సిరామిక్స్ పనికొస్తాయని బ్రెమెన్ వాళ్ళు పని చేస్తున్నారు. మన తార్నాక ఐఐసీటీలో వెంకట మోహన్ గారు మురుగునీటి మీద ఇలాంటి బాక్టీరియా సెల్స్ ఎన్నో చేశారు, 2014లో భట్నాగర్ బహుమతి కూడా వచ్చింది. కంది నుంచి నక్కవాగు ఎంత దూరమో నేను రోజూ బస్సులో చూస్తున్నదే.

ఇందల్వాయి టోల్ దగ్గర పెద్ద లైను. నాన్న బోర్డు చదివి, "ఆ ఫ్రెంచాయన ఆగింది గీడనేనా?" అన్నారు. అవునన్నాను. కొండల వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక ఈ పైదంతా కుదించి పది లైన్లలో ఆఫీసు గ్రూపులో పెట్టాను, మూస పెంకు ఫోటోతో సహా. రెండు బొటనవేళ్ళు వచ్చాయి. ఒకాయన మాత్రం విడిగా మెసేజ్ పెట్టాడు, వాళ్ళది మెట్‌పల్లేనట, వాళ్ళ తాతగారింటి గోడలో ఇలాంటి నల్ల పెంకులు ఉన్నాయట, దసరాకి వెళ్ళినప్పుడు ఫోటో తీసి పంపిస్తాడట.